ఎస్తేరు రాణి పెండింగు సందేహం

ఇరవయ్యెనిమిదేళ్ళ సర్వీసులో తోలేటి భాస్కరం మేస్టారిని చరిత్ర పాఠంలో సందేహం అడిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు, పానిపట్టు యుద్ధం ఎన్ని మార్కులకొస్తుందని అడిగాడు. రెండోవాడు, ఒకవేళ అది రాకపోతే దాని బదులు ఏ యుద్ధం చదువుకోమంటారని అడిగాడు. ఇద్దరికీ ఆయన ఓపిగ్గానే జవాబు చెప్పారు.

కోనసీమ అంచున, కాలవ పక్కన ఉన్న ఆ ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చరిత్ర విభాగం అంటే మేస్టారు, ఒక కుర్చీ, పడమటి వైపు చెదలు కొట్టేసిన భారతదేశ పటం. చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ కలిపి చెప్పే హెచ్‌.ఇ.సి. గ్రూపులో మొదటి సంవత్సరం పిల్లలు నలభై ఒక్కమంది. మిగతా గ్రూపుల్లో సీటు దొరకనివాళ్ళు కొందరు, మిగతా గ్రూపులున్నాయని తెలియనివాళ్ళు కొందరు. అయినా మేస్టారు మాత్రం ఎదురుగా నిండు కొలువు తీరి ఉన్నట్టే పాఠం చెప్పేవారు.

అలాంటి విభాగం మీద ఆ ఏడు జూన్ నెలలో ‘సందేహ రహిత విద్యా పథకం’ వచ్చి పడింది.

ఉత్తర్వు పదకొండు పేజీలు. ప్రిన్సిపాల్ దంతులూరి విశ్వనాథరాజుగారు దాన్ని స్టాఫ్ మీటింగులో లేచి నిలబడి చదివారు. పైనుంచి వచ్చిన కాగితం ఏదైనా ఆయన కూర్చుని చదవరు.

“‘విద్యార్థికి సందేహము కలిగియుండుట బోధనా లోపమునకు చిహ్నము. కావున ఈ విద్యా సంవత్సరాంతమునకు కళాశాలలన్నియు సందేహ రహితములు కావలెను.’ విన్నారుగా?”

“అయితే పిల్లల్ని సందేహాలడగొద్దని చెప్పేద్దామాండి?” అంది బోటనీ మేడమ్ ఆశగా.

“కుదర్దండి. తర్వాతి పేరా వినండి. ‘సందేహములు అడుగని విద్యార్థి భయగ్రస్తుడై యున్నాడని భావించవలెను. కావున ప్రతి విద్యార్థియు నెలకు రెండు సందేహములకు తక్కువ గాకుండ వెలిబుచ్చునట్లు అధ్యాపకులు తోడ్పడవలెను.’”

ప్రిన్సిపాల్‌గారు పేజీ తిప్పారు.

“అంటే మనమే పుట్టించాలి, మనమే చంపాలి,” అన్నారు భాస్కరం మేస్టారు.

“డెబ్భై రెండు గంటల్లోగా,” అన్నారు ప్రిన్సిపాల్.

దానికోసం ‘నివృత్తి’ అని ఒక యాప్ ఇచ్చారు. పిల్లవాడి సందేహాన్ని మేస్టారు అందులో ఎక్కించాలి. జవాబు చెప్పాక, సందేహం తీరిపోయిందని పిల్లవాడు వేలిముద్ర వెయ్యాలి. వేస్తే ఆకుపచ్చ. మూడు రోజులు దాటితే పసుపు. వారం దాటితే ఎరుపు. ఎరుపెక్కిన సందేహం దానంతటదే పై అధికారికి పోతుంది. ఒక్క ఎరుపు కూడా లేని కళాశాలకి ‘నిస్సందేహ కళాశాల’ అన్న బిరుదు, గేటు మీద బోర్డు.

ఆగస్టు వచ్చేసరికి అందరూ దారిలో పడ్డారు. బోటనీ మేడమ్ ఒక సందేహాల బ్యాంకు తయారుచేసింది. నెల మొదట్లో అటెండరు గవర్రాజు క్లాసులకొచ్చి, చీటీల మీద రాసిన సందేహాలు రోల్ నంబర్ల వారీగా పంచేవాడు. “పదిహేడో నంబరూ! నీ సందేహం పట్టుకెళ్ళలేదేంట్రా? నేనేమన్నా మీ ఇంటికి తెచ్చివ్వాలా?” అని వరండాలో కేకలేసేవాడు. భాస్కరం మేస్టారికి నెలకి ఎనభై రెండు సందేహాలు కావలసివచ్చేవి. ఆదివారాలు కూర్చుని రాసేవారు. ‘అశోకుడు చెట్లు నాటించెనా?’ అని ఒక సందేహం. ‘నాటించెను’ అని దాని జవాబు. మిగిలినవి నీడ గురించీ, పళ్ళ గురించీ.

“మేస్టారూ, నా సందేహం నాకు అర్థం కాలేదండి,” అని ఒకడు చీటీ తెచ్చి చూపించాడు.

“చేతిరాతలే. ఇలా తే, చదివి పెడతాను.”

“రాత కాదండి. ఇది నాకెందుకొచ్చిందో తెలీడం లేదండి.”

“అది వేరే సందేహం నాయనా. వచ్చే నెల లెక్కలో వేద్దాం.”

ఇలా నవంబరు దాకా ఏ గొడవా లేకుండా గడిచింది. కళాశాల మొత్తం ఆకుపచ్చగా ఉంది. నవంబరులో శాసనాల పాఠం వచ్చింది.

ఆ క్లాసులో నేలపూడి ఎస్తేరు రాణి అని ఒక పిల్ల. వాళ్ళమ్మ సువార్తమ్మ కొబ్బరిపీచు మిల్లులో పనిచేస్తుంది. ఆ నెల మొదట్లో సువార్తమ్మ చెయ్యి యంత్రంలో నలిగి కట్టు పడితే, ఆమె పని పోకుండా ఎస్తేరు వారం రోజులు మిల్లుకెళ్ళింది. చీటీలు పంచిన రోజున కాలేజీలో లేదు. తిరిగొచ్చేసరికి చీటీలైపోయాయి.

ఆ రోజు పాఠం, తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక రాజుగారు వెలిచేరుపాడు అనే ఊరిని ఒక పండితుడికి దానమిచ్చిన సంగతి. రెండు చెరువులు, అరవై తాటిచెట్లు, నాలుగు సరిహద్దు రాళ్ళు, సూర్యచంద్రులున్నంత కాలం. మేస్టారు రాజుగారి చేతిలోంచి నీళ్ళు ధారపోస్తున్నట్టు అభినయించి మరీ చెప్పారు. చివర్లో ఫోను తీసి, “ఎస్తేరూ, నీదొక్కటే మిగిలిందమ్మా. ఏదో ఒకటి అడుగు, ఎక్కించేస్తాను,” అన్నారు.

ఎస్తేరు లేచి నిలబడింది.

“రాజుగారు ఊరిని దానం ఇచ్చేస్తుంటే, ఆ ఊళ్ళోవాళ్ళు ఏమన్నారండి?”

మేస్టారు పాఠ్యపుస్తకంలో ఆ పేజీ తిప్పారు, ముందు పేజీ తిప్పారు. తను ఎమ్మేలో చదివినవన్నీ మనసులో తిరగేశారు. ఎక్కడా లేదు. ఆయనకి ముందు భయమేసింది. ఆ వెనకే, ఎందుకో, ఒళ్ళు ఝల్లుమంది.

“తెలీదమ్మా,” అన్నారు.

“ఎవరికీ తెలీదాండి?”

“రాసిపెట్టినవాళ్ళు లేరు.”

“వాళ్ళని అసలడిగారాండి?”

“అదీ తెలీదు.”

ఆ ప్రశ్నని ఆయన అక్షరం మార్చకుండా యాప్‌లో ఎక్కించారు. సాయంత్రం ఇంటికెళ్తూనే, “ఇవాళ నాకో సందేహం వచ్చిందోయ్! నిజంది!” అని భార్యతో చెప్పారు. ఆవిడ ఆయన నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

మూడు రోజులకి సందేహం పసుపుపచ్చబడింది. మేస్టారు జవాబు గడిలో ‘తెలియదు’ అని కొట్టారు. యాప్ ఒప్పుకోలేదు. ‘ఆధారాలు లేవు’ అని కొట్టారు. ‘దయచేసి ఆధారాలు జతపరచండి’ అంది. ఎనిమిదో రోజున ఎర్రబడింది.

ప్రిన్సిపాల్‌గారి దగ్గర్నుంచి పిలుపొచ్చింది. వెళ్ళేసరికి ఎస్తేరు అక్కడే నిలబడి ఉంది.

“మొత్తం జిల్లాలో ఒకే ఒక్క ఎరుపండి, భాస్కరంగారూ! యాప్ పటంలో మన ఊరొక్కటీ కురుపు లేచినట్టు కనబడుతోంది. ఏవమ్మా, నీ సందేహం తీరిందా?”

“లేదండి.”

“ఎందుకు తీరలేదు?”

“మీరింకా ఏం చెప్పలేదు కదండీ.”

విశ్వనాథరాజుగారు మంచివారే. ఫిజిక్సు మనిషి. ప్రతి దానికీ ఒక జవాబుంటుందని నమ్మినవారు. “ఊరివాళ్ళు సంతోషించారు. చాలా?” అన్నారు.

“మీకెలా తెలుసండి?” అంది ఎస్తేరు. పొగరుగా కాదు. నిజంగానే తెలుసుకుందామని.

ఆయన మేస్టారి వంక చూశారు. మేస్టారు కిటికీలోంచి కాలవ చూస్తున్నారు.

సందేహం జిల్లా కార్యాలయానికి పోయింది. వాళ్ళు, ‘ఇది చరిత్రకు సంబంధించినదా, రెవెన్యూకు సంబంధించినదా స్పష్టపరచవలెను’ అని వారం ఉంచుకుని పైకి పంపారు. జనవరిలో కమిషనర్ కార్యాలయం నుంచి మరో ఉత్తర్వు దిగింది. సందేహము మిగిలియున్న విద్యార్థి పాఠ్యప్రణాళికను పూర్తిచేసినట్లు భావింపబడడు గనుక, అట్టివారికి హాల్ టికెట్టు ఈయబడదు.

రాష్ట్రంలో అట్టివారు ఒక్కరే ఉన్నారు.

మర్నాడు సువార్తమ్మ కట్టు చేత్తోనే కాలేజీకొచ్చింది. కూతురి మీద కోపమంతా మేస్టారి మీద చూపించింది. “మా పిల్ల తెలివితక్కువదండి, నోరు ఊరుకోదు. మీరు పెద్దోరు కదా, మీరెందుకు రాసుకున్నారండి? ఆ రాజెవరో, ఆ ఊరేంటో! ఎప్పుడో చచ్చిపోయినోళ్ళ కోసం నా పిల్ల పరీక్ష పోద్దాండి?”

మేస్టారికి నిజమైన సందేహం దొరికిన సంతోషమంతా అప్పుడు దిగిపోయింది. తను మురిసిపోయిన సందేహానికి వెల ఈ పిల్ల కడుతోంది.

ఫిబ్రవరి మొదటి వారంలో ముగ్గురు సభ్యుల సందేహ నివారణ కమిటీ కారులో దిగింది. పెద్దాయన సంయుక్త సంచాలకులు పరాంకుశంగారు. రెండో ఆయన గణాంకాల శాఖ మనిషి. మూడో ఆయన ఎవరో చివరిదాకా తెలియలేదు. ఆయన బిస్కెట్లు తిన్నారు. తల్లీకూతుళ్ళని ఎదురుగా కూర్చోబెట్టారు.

“ఈ సందేహము నీకు ఇంతకు పూర్వమెప్పుడైనా కలిగియుండెనా?” అని అడిగారు పరాంకుశంగారు.

“లేదండి.”

“కుటుంబమునందు మరెవరికైనను సందేహములున్నవా?”

“మాకేం లేవండి బాబూ,” అంది సువార్తమ్మ కంగారుగా. “మేం పనిచేసుకునేవోళ్ళం.”

“మరి నీకు కలుగుటకు కారణమేమి?”

ఎస్తేరు తల్లి వంక చూసి, తర్వాత నేల వంక చూస్తూ చెప్పింది. “కిందటేడు మా పేటని పక్క పంచాయతీలో కలిపేశారండి. మా రేషన్ కొట్టు మూడు కిలోమీటర్లు అవతలికి పోయింది. కలిపేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదండి. అంచేత, ఆ రోజుల్లోనన్నా అడిగేవారేమోనని…”

గణాంకాలాయన కాగితం మీద ‘కారణము: వ్యక్తిగతం’ అని రాసుకున్నారు.

పరాంకుశంగారు పాఠ్యపుస్తకం తెప్పించుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తీశారు. మొహం వెలిగింది.

“సమస్యయే లేదు. దానములో చెరువులు రెండు, తాటిచెట్లు అరువది, రాళ్ళు నాలుగు అని స్పష్టముగా చెప్పబడినది. జనము చెప్పబడలేదు. జాబితాలో చెప్పబడనిది లేనట్లే. అనగా ఆ గ్రామమునందు జనము లేరు. జనమే లేనప్పుడు వారు ఏమనిరి అను ప్రశ్న ఉదయించదు.”

“మరి ఆ అరవై తాళ్ళూ ఎవరు గీసేవారండి?” అంది ఎస్తేరు.

“అది రెండవ సందేహము. మొదటిది మూసిన పిమ్మట మాత్రమే రెండవది తెరువబడును.”

నాలుగో రోజుకి ముద్రలన్నీ పడి జవాబు వచ్చేసింది. ‘గ్రామ జనాభా: సున్న.’ ఇక మిగిలింది ఎస్తేరు వేలిముద్ర. హాల్ టికెట్ల ఆఖరు తేదీ మర్నాడు.

ఈ పని ప్రిన్సిపాల్‌గారు మేస్టారికే అప్పగించారు. మేస్టారు ఎస్తేరుని ఖాళీ క్లాసులో కూర్చోబెట్టి ఫోను ముందుకి జరిపారు.

“వేలు పెట్టేయమ్మా. పరీక్ష ముఖ్యం. ఇలాంటివి లోకంలో సవాలక్ష ఉంటాయి.”

ఎస్తేరు జవాబు చదివింది. “మీరు పెట్టమంటే పెట్టేస్తానండి. ఒక్క మాట చెప్పండి మేస్టారూ. ఇది నిజవేనాండి?”

ఆయన ఇరవయ్యెనిమిదేళ్ళలో సంతకం పెట్టమన్న ప్రతి కాగితం మీదా పెట్టారు. రాని ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళినట్టు పెట్టారు, కురవని వానకి కూలిన గోడ లెక్క కింద పెట్టారు. నిజమేనమ్మా అని ఇప్పుడు అనడం ఆయనకి పెద్ద పని కాదు. అందామనే గొంతు సవరించుకున్నారు. కానీ ఆ పిల్ల ఆయన మాట కోసం చూస్తున్న చూపు, నలభై ఒక్కమందిలో ఒక్కరైనా అలా చూడాలని ఆయన ఇన్నేళ్ళూ కోరుకున్న చూపు.

“నిజం కాదమ్మా,” అన్నారు. “నువ్వింటికెళ్ళు. రేపు పొద్దున్న రా.”

సాయంత్రం దాకా తన విభాగం కుర్చీలో కూర్చుని ఆ పదకొండు పేజీల ఉత్తర్వూ మొదటిసారి పూర్తిగా చదివారు. తొమ్మిదో పేజీ అడుగున దొరికింది. ‘విద్యార్థి కళాశాల మారినచో, లేక మరణించినచో, వారి సందేహమును సంబంధిత అధ్యాపకుని పేరిట బదలాయించవచ్చును. సందేహము కలిగియున్న అధ్యాపకుడు తరగతి గదికి అనర్హుడు.’ పేజీ మూసి, కాసేపు గోడ మీద పటాన్ని చూశారు. తర్వాత ఫోనులో ఎస్తేరు పేరుకి ఎదురుగా ‘బదిలీ’ అన్నదాన్ని నొక్కారు. కారణం అడిగితే, ‘విద్యార్థి కళాశాల మారినది’ అని పెట్టారు. మారలేదని చూసేవాళ్ళెవరూ లేరని ఆయనకి అనుభవమే. తన బొటనవేలు అద్దారు.

ఎస్తేరు పేరు పచ్చగా మారింది. తోలేటి భాస్కరం పేరు ఎర్రబడింది.

ఆ పిల్లకి హాల్ టికెట్టొచ్చింది. మేస్టారికి, జిల్లా కచేరీ పాత రికార్డుల గదికి డెప్యుటేషన్ వచ్చింది. పిల్లలెవరికీ ఎరుపు లేదు కనుక కళాశాలకి బిరుదూ వచ్చింది. గేటు మీద బోర్డు పెట్టిన రోజున ప్రిన్సిపాల్‌గారు ఫోటోకి నిలబడ్డారు గానీ, ఫోటోలో ఆయన మొహం పక్కకి తిరిగి ఉంది. చరిత్ర పాఠాలు బోటనీ మేడమ్‌కి అప్పగించారు. చీటీలు ఎలాగూ ఉన్నాయి.

రికార్డుల గదిలో మేస్టారికి పనేమీ చెప్పలేదు. అక్కడ పనిచేసేవాళ్ళందరికీ అంతే. మొదటి నెల ఆయన దుమ్ము దులిపారు. రెండో నెల, దులిపినవి చదవడం మొదలెట్టారు. ఏ కాలం గుమాస్తానో ముత్యాల్లాంటి అక్షరాలతో జిల్లా శాసనాలన్నిటికీ నకళ్ళు ఎత్తి పెట్టాడు. పాఠ్యపుస్తకంలో నాలుగు లైన్లకి కుదించిన వెలిచేరుపాడు దానం, అక్కడ మూడు పేజీలుంది.

మే నెలలో ఎస్తేరు మార్కుల మెమో పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. చరిత్రలో తొంభై తొమ్మిది.

“ఆ ఒక్కటీ ఏమైందమ్మా?”

“వెలిచేరుపాడు జనాభా ఎంత అని ఒక మార్కు ప్రశ్నిచ్చారండి. సున్న అని రాయాలంట. నేను తెలీదు అని రాశానండి.”

మేస్టారు నకళ్ళ పుస్తకం ఆమె ముందుకి తిప్పి వేలు పెట్టి చూపించారు. సరిహద్దులు చెప్పే చోట ఉంది. ‘తూర్పునకు పుంత బాట. ఉత్తరమునకు పెద్దచెరువు కట్ట. దక్షిణమునకు కుమ్మరి ఎఱ్ఱసాని పాక.’

ఎస్తేరు ఆ లైను మళ్ళీ మళ్ళీ చదువుకుంది. “అయితే ఒక మనిషుందండి,” అంది మెల్లిగా. “ఆవిడేమందోనండి?”

“అది లేదమ్మా. పాక ఉందని మాత్రం ఉంది.”

“పోన్లెండి. ఉందని తెలిసింది కదా.”

మేస్టారు ఆ పేజీకి నకలు తీసి, ‘గ్రామ జనాభా సున్న కాదు, కనీసము ఒకటి’ అని కమిషనర్ కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపారు. ఇన్నేళ్ళ సర్వీసులో పైకి ఆయన తనంతట తానుగా రాసిన మొదటి ఉత్తరం అదే.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. ఆయనకి కాదు. కవరు మీద ‘శ్రీమతి కుమ్మరి ఎఱ్ఱసాని, కేరాఫ్ టి. భాస్కరం, రికార్డుల గది’ అని ఉంది. లోపల ఇలా ఉంది:

‘తాము వెలిచేరుపాడు గ్రామమునందు నివసించియుండినట్లు ఈ కార్యాలయము దృష్టికి తేబడినది. కావున తాము తగిన నివాస ధ్రువీకరణ పత్రములతో పదునైదు దినములలోగా స్వయముగా హాజరై వాంగ్మూలమీయవలెను. గైర్హాజరైన యెడల తాము లేనట్లుగానే భావించి, తదుపరి చర్యలు గైకొనబడును.’

ఎస్తేరుకి కబురుపెడితే మిల్లు నుంచి తిన్నగా వచ్చింది. సెలవుల్లో తల్లితో పాటు తనూ పనికెళుతోంది. జుట్టుకి పీచు అంటుకుని ఉంది. కాగితం చదివింది. మేస్టారు ఆమె నవ్వుతుందనుకున్నారు. నవ్వలేదు.

“ఆవిడ రావడం కుదరదు కదండీ. ఆవిడ తరఫున నేనెళ్ళొచ్చాండి?”

మేస్టారు కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశారు. వెళ్ళకూడదని ఎక్కడా రాయలేదు.

“వెళ్ళి ఏం చెబుతావమ్మా?”

“నేనేం చెప్పనండి. ముందు అడగమంటాను.”

మేస్టారు సెలవు చీటీకి కాగితం తీసుకున్నారు. ఒక రోజు సెలవు కావలెనని రాశారు. కారణం దగ్గర కలం ఆగింది. కాసేపు ఆలోచించి, ‘సాక్షికి తోడు వెళ్ళవలసియున్నది’ అని రాసి, కింద సంతకం పెట్టారు.